పద్దెనిమిది వందల యాంప్, ఇరవై వాట్ల నిజం

హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం సంతకి నేను మొదటిసారి వెళ్లింది సైకిల్ పెడల్ కోసం. ఇంటికొచ్చేసరికి చేతిలో పెడల్ లేదు, తొమ్మిది కిలోల పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. అమ్మేవాడు మూడు వేలు చెప్పి పద్దెనిమిది వందలకి దిగాడు. "పనిచేస్తుందా?" అంటే "లైటు వెలుగుతుంది సార్" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదని ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టాక తెలిసింది. లైటు ఒక్కటే వెలిగింది.

ఇది జరిగి ఆరేళ్లు. ఈలోగా మా హాల్లోకి ఇంకో రెండు యాంప్‌లు, మూడు జతల స్పీకర్ బాక్సులు, ఒక రికార్డు ప్లేయర్ చేరాయి. అన్నిటికీ పెట్టిన డబ్బు కలిపినా ఓ మంచి ఫోన్ ధర దాటలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు వీటిని చూసి రెండే మాటలంటారు. పెద్దవాళ్లు "ఆ రోజుల్లో సౌండే వేరు" అంటారు. పిల్లలు "అరచేతిలో పట్టే డబ్బాలో మూడు వందల వాట్లు వస్తుంటే ఈ ఇనపసామానెందుకు?" అంటారు. రెండు మాటల్లోనూ నిజం కొంతే ఉంది. ఆ కొంత ఎంతో తేల్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

పిల్లల మాట ముందు చూద్దాం, ఎందుకంటే అది స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

తొంభైల్లో టేప్ రికార్డర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి పీఎంపీఓ అనే మాట గుర్తుండే ఉంటుంది. మెరిసే స్టిక్కర్ మీద 800 వాట్లనో 1000 వాట్లనో ఉండేది. పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్ అని దాని పూర్తి పేరు. ఇన్ని క్షణాల పాటు, ఇంత స్పష్టతతో పవర్ ఇవ్వాలనే ప్రమాణం దానికేమీ లేదు. రెప్పపాటులో, సౌండ్ పగిలిపోయినా సరే, లెక్కలో ఎంత పెద్ద అంకె వస్తే అంత వేసుకోవచ్చు. అదే సెట్‌ని వెనక్కి తిప్పి చూస్తే, కరెంటు వాడకం 30 వాట్లు అనో 40 వాట్లు అనో చిన్న అక్షరాల్లో ఉండేది. గోడలోంచి 30 తీసుకుని 1000 ఇచ్చే యంత్రమే ఉంటే దాన్ని పాటలకెందుకు వాడతాం, ఊరికి కరెంటు ఇవ్వడానికి వాడతాం.

అమెరికాలో ఈ అంకెల గొడవ ఇంకా ముందే ముదిరింది. 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంటి యాంప్‌ల ప్రకటనలకి ఒక నిబంధన పెట్టింది. అప్పటి నిబంధన ప్రకారం, చెప్పిన పవర్‌లో మూడో వంతుతో ముందు గంటసేపు నడిపించాలి. అలా వేడెక్కిన యాంప్ ఆ తర్వాత పూర్తి పవర్‌ని కనీసం ఐదు నిమిషాలు నిలకడగా ఇవ్వాలి. ఆ పరీక్షకి తట్టుకోవాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, వేడిని బయటికి వదిలే దిట్టమైన హీట్ సింకు కావాల్సిందే. డెబ్భైల నాటి రిసీవర్లు, అంటే రేడియో కూడా ఉన్న యాంప్‌లు, ఎత్తితే నడుం పట్టేయడానికి ఇదీ ఒక కారణం. వాటి మీద 20 వాట్లు అని ఉంటే 20 వాట్లే.

ఇప్పుడొచ్చే చిన్న క్లాస్-డి యాంప్‌లు (లోపల చాలా వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ నడిచే రకం) నిజానికి చాలా మంచివి. చవక, వేడెక్కవు, శుభ్రమైన సౌండ్. చిక్కంతా మళ్లీ స్టిక్కర్‌తోనే. పీఎంపీఓ అనే పేరు పోయింది, బుద్ధి పోలేదు. దీన్ని పట్టుకోవడం సులువు. డబ్బా మీద అంకె వదిలేసి అడాప్టర్ మీద అంకె చదవండి. 12 వోల్టులు, 2 యాంపియర్లు అని ఉంటే గుణించండి, 24 వాట్లు. రెండు చానళ్లకీ కలిపి అంతకంటే ఎక్కువ నిలకడగా రానే రాదు. పైగా 12 వోల్టుల మీద నడిచే అలాంటి యాంప్ 8 ఓమ్‌ల స్పీకర్‌కి పగలకుండా ఇవ్వగలిగేది లెక్క ప్రకారం చానల్‌కి 9 వాట్లు. ఆ బోర్డు 24 వోల్టులు తట్టుకునేదైతే, దానికి 24 వోల్టుల మంచి అడాప్టర్ పెట్టండి, వేరే యాంప్ కొన్నట్టే ఉంటుంది.

9 వాట్లంటే తక్కువేమో అని టెన్షన్ పడక్కర్లేదు. మన చెవి వాట్లని వరసగా లెక్కపెట్టదు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు, అంటే వాల్యూమ్ కాస్త పెంచినట్టు. సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే పవర్ సుమారు పది రెట్లు కావాలి. ఇంట్లో మామూలుగా పాట వింటున్నప్పుడు స్పీకర్‌లోకి పోయేది ఒక వాట్ అటూ ఇటూనే. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 అనే యాంప్ రేటింగ్ 20 వాట్లే, ఇప్పటికీ దానికోసం వెతికేవాళ్లున్నారు. వాట్ల కంటే ముందు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత సౌండ్ వస్తుందో చెప్పే అంకె అది. 84 ఉన్న స్పీకర్‌ని వదిలి 90 ఉన్నది తెచ్చుకుంటే యాంప్‌ని నాలుగు రెట్లు పెద్దది చేసినంత.

లైటు వెలిగిన యాంప్

సంతలో కొన్న యాంప్‌ని కోఠి గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. ముందుకు వంగి, కళ్లజోడు సర్దుకుని, 'టేప్ మానిటర్' అనే బటన్ నొక్కాడు. ఎడమ స్పీకర్లో పాట మొదలైంది.

పాత యాంప్‌లలో ఈ బటన్ లోపలికి నొక్కి ఉంటే పాట ముందు టేప్ డెక్‌కి వెళ్లి, అక్కణ్నుంచి తిరిగి యాంప్‌లోకి రావాలి. డెక్ లేకపోతే వెళ్లిన పాట తిరిగి రాదు. "ఈ బటన్ వల్ల పాడైపోయిందని పారేసినవి నా చేతిలో ఎన్ని బాగుపడ్డాయో" అని ఆయన నవ్వాడు. ఆ పనికి డబ్బులు తీసుకోలేదు. కుడి చానల్‌కి మాత్రం తీసుకున్నాడు.

కుడి పక్క 'గుంయ్' మని మోత, వాల్యూమ్ తిప్పితే గరగర. ఇక్కడే అసలు విషయం ఉంది. పాత సెట్ అంటే మొత్తం ఒకే వయసున్న వస్తువు కాదు. అందులో ఒక్కో భాగం ఒక్కోలా ముసలిదవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్, రెసిస్టర్లు, చాలావరకు ట్రాన్సిస్టర్లు కూడా కాల్చకపోతే యాభై ఏళ్లైనా ఉంటాయి. కరెంటుని కాసేపు దాచి వదిలే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అలా కావు. అల్యూమినియం రేకుల మధ్య తడి కాగితం పెట్టి చుట్టిన చుట్ట అది. ఆ తడి ఏళ్ల తరబడి ఆరిపోతూ ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్కుల లెక్క. పవర్ సప్లైలో ఉండే పెద్ద కెపాసిటర్లు ఆరితే, మన 50 హెర్ట్జ్ కరెంటు 100 హెర్ట్జ్ మోతగా మారి స్పీకర్లో వినిపిస్తుంది. ఇక గరగర అంటే వాల్యూమ్ కంట్రోల్ లోపల ఉండే కార్బన్ పట్టీ మీద దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు పోతుంది.

పాతవే ఆరిపోతాయి, కొత్తవి గట్టివి అనుకోవడం కూడా పొరపాటే. 1999 నుంచి 2007 దాకా లోపభూయిష్టమైన కెపాసిటర్లు లోకమంతా పాకి, ఎన్నో కంప్యూటర్ మదర్‌బోర్డుల మీద రెండు మూడేళ్లకే ఉబ్బిపోయాయి. ఆ కాలపు డీవీడీ హోమ్ థియేటర్ కంటే 1980 నాటి యాంప్ తీసుకోవడమే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకెళ్లను. సంత నుంచి తెచ్చినదాన్ని నాలాగా నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకండి. మెకానిక్కుల దగ్గర సీరీస్ బోర్డు ఉంటుంది. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని లైన్‌లో వరసగా కలిపిన బోర్డు. యాంప్‌లో షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలిగిపోతుంది, యాంప్ కాలిపోదు. ఒక్కసారి వెలిగి మసకబారితే పర్వాలేదని అర్థం. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ప్లగ్గు తీసేసినా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ నిలిచే ఉంటుంది. వాల్వ్ రేడియోల జోలికి అనుభవం లేకుండా వెళ్లనే వద్దు. లోపల 250 వోల్టులు మామూలు, కొన్నిటికి కింది ఇనప పళ్లేనికే నేరుగా కరెంటు ఉంటుంది.

ఆ రోజుల్లో సౌండు

యాంప్ బాగుపడ్డాక మా నాన్న గారు విని "ఇదీ సౌండంటే" అన్నారు. పక్కనే పదిహేను వందల క్లాస్-డి బోర్డు పెట్టి అదే పాట వేశాను. "పల్చగా ఉంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

తర్వాత చూస్తే పాత యాంప్‌లో 'లౌడ్‌నెస్' బటన్ నొక్కి ఉంది. ఆ బటన్ వెనక ఒక మంచి పరిశోధన ఉంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు మన చెవి తీరుని కొలిచారు. సౌండ్ తగ్గించేకొద్దీ చెవికి అన్నీ సమానంగా తగ్గవు. బాస్ ముందు మాయమవుతుంది. అందుకే రాత్రిపూట మెల్లగా పెట్టుకున్న పాట బోసిపోయినట్టుంటుంది. లౌడ్‌నెస్ బటన్ ఆ పోయిన బాస్‌ని తక్కువ వాల్యూమ్‌లో తిరిగి కలుపుతుంది. ఇప్పటి చిన్న యాంప్‌లలో చాలావాటికి ఇది లేదు, కొన్నిటికి బాస్, ట్రెబుల్ తిప్పే మీటలు కూడా లేవు. మనవాళ్లు పాత యాంప్ వెచ్చదనం అని మెచ్చుకునేదాంట్లో పెద్ద వాటా ఈ బటన్‌దే.

బటన్ తీసేసి మళ్లీ పోల్చాం. ఈసారి రెండిటి సౌండ్ సమానం చేశాను. ఇది చెవితో చేస్తే కుదరదు. ఒక డెసిబెల్ ఎక్కువున్నా మనకి అది 'ఎక్కువ సౌండ్' అనిపించదు, 'మంచి సౌండ్' అనిపిస్తుంది. షోరూముల్లో అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలిచి రెండిటినీ ఒకే అంకెకి తెచ్చాను. అంతకంటే పై టోన్లలో చవక మల్టీమీటర్లు తప్పు చెప్తాయి. నాన్న గారు కళ్లు మూసుకున్నారు, నేను మార్చాను. పది సార్లలో ఐదు సార్లు ఒప్పు చెప్పారు. తర్వాత నేను కూర్చుంటే నాకు ఆరు వచ్చాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

ఆ మధ్యాహ్నం నాకు కాస్త దిగులేసింది, ఒప్పుకుంటాను. తొమ్మిది కిలోల నా యాంప్, అగ్గిపెట్టెలంత బోర్డు ఒకటేనా? మామూలు వాల్యూమ్‌లో, మామూలు స్పీకర్లతో ఒకటే. మరి పాతది ఉంచుకోవడం ఎందుకంటే బాస్ మీట, లౌడ్‌నెస్, రికార్డు ప్లేయర్ పెట్టుకునే ఫోనో సాకెట్, ఇవన్నీ పద్దెనిమిది వందల్లో వచ్చాయి. తిప్పితే బరువుగా కదిలే ఆ వాల్యూమ్ మీట కూడా. దానికి డెసిబెళ్లలో విలువ లేదు, అయినా నాకు కావాలి.

తేడా ఎక్కడుంది

రెండు సరైన యాంప్‌ల మధ్య తేడా మామూలుగా ఒక డెసిబెల్ కంటే తక్కువే. రెండు స్పీకర్ల మధ్య ఐదారు డెసిబెళ్ల తేడా చాలా మామూలు. అందుకే డబ్బు పెట్టాల్సింది స్పీకర్ మీద. చిత్రమేమిటంటే పాతబడితే బాగా పాడయ్యేదీ స్పీకరే.

ఊఫర్, అంటే బాస్ ఇచ్చే పెద్ద స్పీకర్, దాని కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచు చూడండి. అది ఫోమ్ అయితే పదిహేను ఇరవై ఏళ్లలో పిండి అయిపోతుంది, ఎక్కువ వాడారా తక్కువ వాడారా అన్నదానితో పనిలేదు. గాలిలో తేమే దాన్ని తింటుంది. విశాఖలో నా స్నేహితుడి బాక్సులు అట్టపెట్టెలోంచి తీయకుండానే రాలిపోయాయి. గుడ్డ అంచు చాలా కాలం ఉంటుంది, రబ్బరు అంచు కూడా ఫోమ్ కంటే ఎంతో నయం. సంతలో నేను చేసే పరీక్ష ఇంతే. అంచుని వేలితో మెల్లగా తాకుతాను. వేలికి నల్లటి పొడి అంటితే ఫోమ్ పోయినట్టే. తర్వాత కోన్‌ని రెండు పక్కలా సమానంగా అదిమి వదులుతాను. లోపల గీసుకున్న చప్పుడు వస్తే కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, పక్కకి జరిగింది, వదిలేసి ముందుకెళ్తాను. అంచు మాత్రమే పోయి ఉంటే ధర బాగా తగ్గుతుంది, కొత్త ఫోమ్ రింగు అతికిస్తే మళ్లీ కొత్తదే. నేను అతికించిన మొదటి జతలో ఒకటి వంకరగా వచ్చింది. కాయిల్ మధ్యలో ఉందో లేదో జిగురు ఆరకముందే చూసుకోవాలి, ఆరాక కాదు.

స్పీకర్ తర్వాత గది. నిజానికి గదిని ముందు రాయాల్సింది. మన ఇళ్లు ఇటుక, సిమెంటు, కింద నున్నటి టైల్స్. చప్పట్లు కొడితే పళ్లెం మోగినట్టు తిరిగొస్తుంది. చెక్కతో కట్టే ఇళ్లలో గోడలు కొంత బాస్‌ని బయటికి వదిలేస్తాయి, మన గోడలు వదలవు. మా హాల్లో ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులు. ఆ కొలతకి 47 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 94 దగ్గర మళ్లీ ఒకసారి గాలి ఊగుతుంది. అందువల్ల తబలా డగ్గా మీద ఏ దెబ్బ పడినా ఒకే 'బుమ్' లా వినిపించేది. నేను ఊఫర్‌ని తిట్టుకుంటూ ఆర్నెల్లు గడిపాను. చివరికి వెనక గోడకి ఆనుకుని ఉన్న సోఫాని మూడు అడుగులు ముందుకి జరిపితే సగం పోయింది. గోడ దగ్గర ఈ మోత అన్నిటికంటే ఎక్కువ. స్పీకర్లని మూలల్లోంచి లాగితే ఇంకొంత తగ్గింది. పై సౌండ్ల గలగలకి పుస్తకాల బీరువా, కిటికీకి మందపాటి కర్టెన్, కింద జంపఖానా. మా అమ్మ కుట్టిన బొంత ఒకటి గోడకి వేలాడదీశాను. అందంగా ఉందని చుట్టాలు అంటారు, అది అందం కోసం కాదని వాళ్లకి చెప్పను.

తీగల గురించి ఒక్క ముక్క. ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఐదు మీటర్లు లాగితే, రానూ పోనూ కలిపి దాని నిరోధం 0.07 ఓమ్‌లు. స్పీకర్‌ది 8 ఓమ్‌లు. మీటరు వేల రూపాయల తీగ అమ్మేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

న్యూజెర్సీ నుంచి వచ్చిన ప్లేయర్

మా బావగారు న్యూజెర్సీలో ఇల్లు మారుతూ పాత రికార్డు ప్లేయర్‌ని సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చిచ్చారు. అక్కడి కరెంటు 120 వోల్టులని తెలుసు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టాను. సుశీల గారి పాట వేశాను. పాడుతున్నది సుశీల గారు కాదు. నిద్రమత్తులో ఉన్న ఇంకెవరో.

హార్మోనియం మీద చూస్తే శ్రుతి మూడు మెట్లు పైచిలుకు దిగింది. మూడు నిమిషాల పాట మూడున్నర దాటినా అవలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులని మారుస్తుంది, హెర్ట్జ్‌ని మార్చదు. అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనది 50. పాత ప్లేయర్లలో చాలావాటి మోటారు ఆ ఊపుకి కట్టుబడి తిరుగుతుంది. కాబట్టి మన దగ్గర వేగం ఆరింట ఐదు వంతులే. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 28 చుట్ల దగ్గర ఆగింది. అమెరికా నుంచి ప్లేయర్ తెప్పించుకునే ముందు అది డీసీ మోటారా, బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవా అని అడగండి. ఆ రెండిటికీ ఈ బాధ ఉండదు.

దాన్ని పాత యాంప్‌లో ఫోనో అని రాసి ఉన్న సాకెట్‌కే కలపాలి, సీడీ ప్లేయర్ లాంటివి పెట్టే ఆక్స్ సాకెట్‌కి కాదు. సూది బిగించి ఉండే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టుల దగ్గర, సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులు. పైగా రికార్డు చెక్కేటప్పుడు గాడి మరీ వెడల్పవకుండా బాస్ తగ్గిస్తారు, చరచర కింద మునిగిపోకుండా ట్రెబుల్ పెంచుతారు. ఫోనో సర్క్యూట్ ఆ రెండిటినీ తిరగేస్తుంది. నేరుగా ఆక్స్‌కి పెడితే ఈగ పాడినట్టుంటుంది. తాతల నాటి 78 రికార్డులుంటే వాటికి వేరే సూది కావాలి. ఎల్‌పీ సూది సన్నం, 78 వెడల్పు గాడిలో అడుగుకి జారి మట్టిని తవ్వుతుంది.

వేగానికి వైద్యం పుల్లీలో ఉంది. మోటారు ఆరింట ఐదు వంతులే తిరుగుతుంటే బెల్టు పట్టే పుల్లీ ఆరింట ఐదుకి తలకిందులు, అంటే 1.2 రెట్లు లావుండాలి. పాతది వెర్నియర్‌తో కొలిస్తే 10 మిల్లీమీటర్లు. బాలానగర్‌లో లేత్ షాపు అతను 12 మిల్లీమీటర్ల ఇత్తడి పుల్లీ తీసిచ్చాడు.

వేగం చూడటానికి స్ట్రోబ్ కాగితం ఉంటుంది, వేగం సరిగ్గా ఉంటే తిరుగుతున్నా దాని మీద గీతలు కదలనట్టు కనిపిస్తాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది కాబట్టి, 33⅓ వేగానికి చుట్టూ 180 గీతలుండాలి. అమెరికా కాగితం మీద 216 ఉంటాయి, అది మనకి పనికిరాదు. ఎల్‌ఈడీ కింద సరిగా కనిపించదని స్టోర్ రూములోంచి పాత చోక్ ట్యూబ్‌లైటు దింపాను. కాగితం పెట్టి తిప్పితే గీతలు నిలబడలేదు, మెల్లగా వెనక్కి పాకుతున్నాయి. ఇంకా కొంచెం నెమ్మదే.

రెండు రోజులు తల పట్టుకున్నాక దొరికింది. బెల్టుకీ మందం ఉంది. అర మిల్లీమీటరు. బెల్టు నడిచేది పుల్లీ పైతలం మీద కాదు, తన మందం మధ్య గీత మీద. అంటే మొదట పనిచేసిన కొలత 10 కాదు, 10.5. దానికి 1.2 రెట్లు 12.6. అందులోంచి బెల్టు మందం తీసేస్తే 12.1.

లేత్ అతను 0.1 మిల్లీమీటరు కోసం మళ్లీ వచ్చిన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా ఇంకో ఇత్తడి ముక్క బిగించాడు. సాయంత్రం పుల్లీ మార్చి, బెల్టు వేసి, ట్యూబ్‌లైటు కింద కాగితం పెట్టాను. 180 గీతలూ ఉన్నచోటే నిలబడ్డాయి.